ఖాళీ గడి

పాడేరులో ఉద్యోగం దొరికిందని చెప్పడానికి దేముడమ్మ ఊరికి వెళ్ళినప్పుడు వాళ్ళ అక్క రత్నాలు చేటలో చోళ్ళు చెరుగుతోంది. చెయ్యి ఆపకుండానే అడిగింది.

"అక్కడ ఏటి సేత్తావే?"

"జ్వరాల లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కిత్తాను."

"జొరాలకి లెక్కలేటి?" అంది రత్నాలు. చేట దించి, "కూకునే పనేనా?" అంది.

కూర్చునే పనే అని తెలిశాక ఆమె ముఖం తేటపడింది. అమ్మా నాన్నా పోయాక దేముడమ్మను పెంచింది రత్నాలే. ఎనిమిదేళ్ళు పెద్ద. అడవిలో అడ్డాకులు కోసి, కట్టలు కట్టి, సంతకు మోసి చెల్లెలిని ఆశ్రమ పాఠశాలలో నిలబెట్టింది. తాను మాత్రం సంతకం పెట్టడం నేర్చుకోలేదు. చెల్లెలు విశాఖపట్నం హాస్టల్లో ఉండి బి.ఎస్సీ. చేసి, ఆ పైన ఏడాది కంప్యూటర్ కోర్సు కూడా చదివింది. ఆ కోర్సులో ముప్పైమందికి రెండు కంప్యూటర్లుండేవి. చదువంతా నోటుపుస్తకాల్లోనే సాగింది.

అది 1997. దేముడమ్మకు ఇరవై నాలుగేళ్ళు. వాళ్ళది ఈతలగరువు. గూడెం కొత్తవీధి మండలంలో రోడ్డు దిగి రెండు గెడ్డలు, అంటే కొండవాగులు, దాటి ఏడు కిలోమీటర్లు నడవాలి. ముప్పై రెండు గడపలు.

పాడేరులో ఆమె చేరింది మలేరియా మీద పరిశోధన కోసం పెట్టిన ఒక చిన్న కేంద్రంలో. పాత క్వార్టర్లలో రెండు గదులు. ఒక గదిలో మైక్రోస్కోపు, గాజు స్లైడ్లు. రెండో గదిలో కంప్యూటర్, దాని పక్కన టెలిఫోన్, ఆ రెండింటినీ కలిపే మోడెమ్. ఇన్‌ఛార్జి లక్ష్మీప్రసాద్ మైదానం నుంచి వచ్చినవాడు. మంచివాడే. పై ఆఫీసు నుంచి కాగితం వస్తే మాత్రం మూడుసార్లు చదివేవాడు.

జ్వరం ఏ పల్లెలో ఎప్పుడు విరుచుకుపడుతుందో ముందే చెప్పే ప్రోగ్రాం ఒకటి హైదరాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థలో ఉండేది. అక్కడి శాస్త్రవేత్తలే రాశారు. అది నడవడానికి పెద్ద కంప్యూటర్ కావాలి. అలాంటిది పాడేరులో ఎవరు కొనిపెడతారు? అందుకని ఆ ఒక్క కంప్యూటర్‌నే అందరూ పంచుకునేవారు. పాడేరు నుంచి దేముడమ్మ, ఒరిస్సాలో కోరాపుట్ నుంచి ఒకాయన, బస్తర్ నుంచి, అస్సాం నుంచి మరికొందరు ఫోను లైను మీదుగా దానికి తగులుకుని, తమ లెక్కలు పంపి, తమ వంతు వచ్చేదాకా ఆగి, ఫలితం తెచ్చుకునేవారు. పాడేరు వంతు మంగళవారం పదకొండు నుంచి ఒంటిగంట వరకు. ప్రోగ్రాం కూడా దాపరికం లేనిదే. వాడుకునేవాళ్ళు ఎవరైనా దాన్ని మొత్తం తెచ్చుకుని చదవవచ్చు, తప్పుంటే చెప్పవచ్చు. బస్టాండులో ఫిర్యాదుల పుస్తకంలాగ అది ఉందని అందరికీ తెలుసు. తెరిచినవాళ్ళు లేరు.

మోడెమ్ కీచుమని, గరగరలాడి, కుదుటపడేది. వాన పడితే లైను తెగేది. మళ్ళీ మొదటినుంచి. నాలుగు వందల పన్నెండు పల్లెలు, పల్లెకొక వరస. వరసలో గడపలు ఎన్ని, ఊరి ఎత్తు ఎంత, వారంలో ఎంత వాన పడింది, ఎందరి రక్తం తీశారు, అందులో ఎందరికి మలేరియా తేలింది. ఈ వరసలన్నీ చేరడానికి పదకొండు నిమిషాలు పట్టేది. తర్వాత తెరమీద, మీ ముందు ఇద్దరున్నారు, మీ ముందు ఒకరున్నారు అని వచ్చేది. ఎక్కడో అస్సాంలో ఇంకొకరు తనలాగే తెర చూస్తూ కూర్చున్నారన్న ఆలోచన దేముడమ్మకు బాగుండేది. ఫలితంలో ప్రతి పల్లెకూ ఒకటి నుంచి నాలుగు దాకా ఒక అంకె. ఒకటి అంటే వెంటనే వెళ్ళాలి. నాలుగు అంటే భయం లేదు. దోమల మందు కొట్టే జట్లు రెండే, జీపులు రెండే. కాబట్టి ఆ అంకెలను బట్టే ఎవరు ఎటు వెళ్ళాలో తేలేది.

ఈతలగరువు ఆ జాబితాలో 217వ వరస.

ఆ వైపు పద్నాలుగు పల్లెలు తిరిగే మలేరియా వర్కరు భీముడు. వేలికి సూది గుచ్చి రక్తపు చుక్క గాజు పలక మీద పూసి, ఎండబెట్టి, చెక్కపెట్టెలో సర్ది పాడేరు తెచ్చేవాడు. పెట్టెతోపాటు అంకెలు రాసిన కాగితం. మలేరియా తేలినవెన్నో మైక్రోస్కోపు గదిలో చూసి ఆ కాగితం మీదే రాసేవారు. వెళ్ళని ఊరికి వెళ్ళినట్టు రాసే వర్కర్లూ ఉండేవారు కానీ భీముడు అలాంటివాడు కాదు.

1999లో జూన్ రెండో వారంలో మొదలైన వాన ఆగలేదు. గెడ్డలు పొంగాయి. భీముడు అవతలికి దాటలేక ఆరు పల్లెల పేర్ల ఎదురుగా కాగితం మీద ఏమీ రాయకుండా తెచ్చాడు. మొదటి వారం, రెండో వారం, ఐదో వారం దాకా అదే.

"ఏదో ఒకటి రాయకపోయావా భీముడన్నా," అంది మైక్రోస్కోపు గదిలో ఎవరో.

"ఎల్లనేదు. ఎల్లకుండా ఏటి రాత్తాను?" అన్నాడు భీముడు.

కాగితం మీద ఉన్నదే ఎక్కించాలి, సొంతంగా ఏమీ చేర్చకూడదు అన్నది ఆఫీసు పద్ధతి. కాగితం మీద ఖాళీ. దేముడమ్మ ఆ గడులను ఖాళీగానే వదిలింది. జూలై పదమూడు మంగళవారం ఫలితం వచ్చింది. 217 ఎదురుగా నాలుగు. ఆమె ఆ అంకె మీద వేలు పెట్టి, మా ఊరు బాగుంది అనుకుంది. జాబితా గోడకు అంటించి, టిఫిన్ డబ్బా తెరుచుకుని అన్నం తింది.

జట్లు ఒకటి, రెండు అంకెలున్న పల్లెలకు వెళ్ళాయి.

ఆగస్టు మొదటి వారంలో కాఫీ నర్సరీలో పనిచేసే ఒకతను ఆఫీసు గుమ్మంలో నిలబడి కబురు చెప్పాడు. "మీ అక్కకి బాగోనేదంట. బేగి రమ్మన్నారు."

ఆమె బస్సెక్కి, దిగి, నడిచింది. మొదటి గెడ్డలో నీళ్ళు తొడల దాకా ఉన్నాయి. రెండోది కొంచెం తగ్గింది. ఊరు చేరేసరికి రత్నాలును మట్టి చేసి ఒక రోజయింది. ఆ నెలలో ఆ ఊళ్ళో పోయినవాళ్ళలో ఆమె ఐదో మనిషి. తొమ్మిది రోజులు జ్వరం, చివరి రెండు రోజులు తెలివి లేదు. గూడేల్లో వైద్యం చేసే దిసారి వచ్చి వేర్లు కట్టాడు. డోలీ కట్టి మోసుకుని గెడ్డ దాకా తెచ్చి, దాటలేక వెనక్కి తీసుకెళ్ళారు.

"గెడ్డ దిగనిచ్చింది కాదు," అన్నాడు బుధు. రత్నాలు మొగుడు. అరుగు మీద కూర్చుని ఆ మాటే రెండుసార్లు అన్నాడు.

దేముడమ్మ అతని పక్కన కూర్చుంది. ఎవరో ఆమె కాలు చూపించారు. మడమ పైన జలగ పట్టి, తాగి, ఊడిపోయింది. రక్తం చెప్పులోకి కారి గడ్డకట్టింది. ఆమెకు తెలియనే లేదు. కడుక్కోమని చెంబుతో నీళ్ళిస్తే కడుక్కుంది. ఆడవాళ్ళు ఏడుస్తూ ఆమె మీద పడితే వాళ్ళ వీపు మీద చెయ్యి వేసింది. తనకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని చూసింది. రావలసిన చోట ఏమీ లేదు.

జ్వరం ఎప్పుడు మొదలైందని అడిగింది. బుధు సంతలను బట్టి లెక్కవేసి చెప్పాడు. జూలై ఆఖరి వారం. జాబితా గోడకెక్కి అప్పటికి రెండు వారాలు. ఈ లెక్క ఆమె వేయాలనుకోలేదు. దానంతట అదే తేలింది.

మంగళవారానికి ఆఫీసుకు వచ్చేసింది. భీముడు ఈలోగా గెడ్డ దాటాడు. కాగితం మీద ఈతలగరువు ఎదురుగా అంకెలున్నాయి. తీసిన స్లైడ్లు నలభై ఒకటి, మలేరియా తేలినవి ఇరవై తొమ్మిది. ఆమె ఎక్కించింది. ఈసారి 217 ఎదురుగా ఒకటి వచ్చింది.

"కొన్నాళ్ళు ఇంటికెళ్ళమ్మా," అన్నాడు లక్ష్మీప్రసాద్.

"వెళ్ళి ఏం చెయ్యాలండి?" అంది. నిజంగానే అడిగింది.

సెప్టెంబరులో రత్నాలు కూతురు చిట్టిని పాడేరు తెచ్చుకుంది. ఆరేళ్ళ పిల్ల. బడిలో వేసింది. పొద్దున్నే జడ వేసేది, అన్నం పెట్టేది, బడి దగ్గర దింపేది. జడ బిగుతుగా ఉందో వదులుగా ఉందో పిల్లా చెప్పేది కాదు, ఈమె కూడా అడిగేది కాదు. ఇద్దరూ ఒకే ఇంట్లో రెండు వేర్వేరు బస్సుల కోసం ఆగినవాళ్ళలాగ ఉండేవారు.

అక్టోబరులో వానలు వెనకబట్టాక ఆమె జూలై నాటి కాగితాలు తీసింది. ఎందుకు తీసిందో తనకే తెలియదు. బహుశా ఆ నాలుగు ఎలా వచ్చిందో చూడకుండా ఉండలేకపోయింది. భీముడు దాటలేకపోయిన పల్లెలు ఆరు. ఆరింటి ఎదురుగానూ నాలుగే ఉంది. అన్నింటికీ గడపలు వేరు, ఎత్తు వేరు, వాన వేరు. అయినా నాలుగే.

ఆమె జూలై ఫైలుకు ఒక నకలు తీసి, ఖాళీ గడులన్నింటిలో సున్నాలు పెట్టింది. దాన్ని నడిపి చూడాలంటే మంగళవారం వంతు చాలదు. కోరాపుట్ ఆయనకు రెండు లైన్లు రాసి అడిగితే ఆయన ఎందుకని అడక్కుండా తన గురువారం వంతులో అరగంట ఇచ్చాడు. ఫలితం వచ్చింది. పాత ఫలితం పక్కన పెట్టి చూసింది. ఒక్క అంకె కూడా తేడా లేదు. ఖాళీ అన్నా, సున్నా అన్నా ఆ ప్రోగ్రాంకు ఒకటే. ఎవరూ వెళ్ళి చూడలేదు అన్న మాటను అది ఎవరికీ జ్వరం లేదు అని చదువుకుంది.

తర్వాత ప్రోగ్రాంనే తెచ్చుకుంది. లైను తెగి, మళ్ళీ కలిసి, మూడు రోజులు పట్టింది. ప్రింటరు మీద తీస్తే అరవై నాలుగు పేజీలు, ఒకదానికొకటి అంటుకుని మడతలు మడతలుగా దిగాయి. మధ్యాహ్నం భోజనాల వేళ అవి చదివింది. ఫోర్‌ట్రాన్ అనే పాత భాష. కోర్సులో నేర్పినదే. పదకొండో పేజీలో అంకెలు చదువుకునే లైను దొరికింది. అక్కడ ఆగింది. అంకె ఉండవలసిన గడి ఖాళీగా ఉంటే ఈ భాష దాన్ని సున్నాగా తీసుకుంటుందని మేష్టారు ఒకసారి చెప్పి ఊరుకున్నారు. అది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఆమె సరిగ్గా రాసింది. రెండు మార్కులూ వచ్చాయి.

కాగితాలు మడిచి లక్ష్మీప్రసాద్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన విని, తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాడు.

"ఇది బయటికి చెప్తే మన మీదికే వస్తుందమ్మా. ఖాళీ వదిలింది మనమే కదా."

"మనమేనండి. నేనే."

"నీ ఉద్యోగం పర్మనెంటు కాదు."

"తెలుసండి."

ఆయన బల్ల మీది పేపర్‌వెయిట్ ఒకసారి తిప్పి, "నన్ను అడిగి రాశావని మాత్రం రాయకు," అన్నాడు. అంతకంటె ఎక్కువ ఆయన ఇవ్వలేడని ఆమెకు తెలుసు. అదే చాలనుకుంది.

ఆ ప్రోగ్రాం వాడేవాళ్ళందరికీ ఒకేసారి చేరే ఉత్తరాల జాబితా ఒకటి ఉండేది. దానికి ఇంగ్లీషులో పద్నాలుగు లైన్లు రాసింది. జరిగింది, తాను చేసి చూసింది, తప్పున్న పేజీ, లైను. ఆ ఆరు పల్లెల్లో జూలై, ఆగస్టు నెలల్లో పందొమ్మిదిమంది పోయారని రాసింది. అందులో ఒకరు మా అక్క అని ఇంకో వాక్యం రాసింది. ఆ వాక్యం తీసేసి పంపింది.

రెండు రోజులకు హైదరాబాద్ నుంచి జవాబు వచ్చింది. రాసినవారు జగన్నాథరావు. ప్రోగ్రాం బాధ్యత ఆయనదే. మర్యాదగా ఉంది. శ్రద్ధగా చూసినందుకు కృతజ్ఞతలు, అయితే సమాచారం అందని గడిలో మైనస్ తొమ్మిది వేయాలని వాడుక పుస్తకం యాభై మూడో పేజీలో స్పష్టంగా ఉంది అన్నారు. దేముడమ్మ బీరువాలోంచి ఆ పుస్తకం తీసింది. ఎప్పుడో ఎవరో జిరాక్సు తీసి పాడేరు పంపిన నకలు. నలభయ్యో పేజీతో అయిపోయింది. అదే రాసి పంపింది.

వారం రోజులు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కోరాపుట్ ఆయన రాశాడు, మేమూ రెండేళ్ళుగా ఖాళీగానే వదులుతున్నాం, మా దగ్గరా నలభై పేజీలే ఉన్నాయి అని. మర్నాడు అస్సాం నుంచి అలాంటిదే ఇంకొకటి వచ్చింది. ఆ తర్వాత జగన్నాథరావు దేముడమ్మకు విడిగా ఒక్క లైను రాశారు. నేను వస్తున్నాను.

డిసెంబరులో వచ్చారు. యాభై దాటిన మనిషి, సన్నగా, మెడదాకా స్వెట్టరు. ముందు భీముడి కాగితం చూడాలన్నారు. తర్వాత ఆ ఆరింటిలో ఒక పల్లె చూడాలన్నారు. రోడ్డుకు దగ్గరగా ఉన్నది ఈతలగరువే. దేముడమ్మ అక్కడికే తీసుకెళ్ళింది. వలిసెపూలు పూసిన కొండవాలు పక్కనుంచి ఇద్దరూ నడిచారు. గెడ్డలో నీళ్ళు చీలమండ దాకా కూడా లేవు.

"ఇదా?" అన్నారాయన.

"ఇదేనండి."

బుధు ఉడికించిన కంద ముక్కలు ఆకులో పెట్టి ఇచ్చాడు. జగన్నాథరావు ఆకు ఒళ్ళో పెట్టుకుని అడిగారు.

"వానల్లో ఈ ఊళ్ళో ఎంతమంది పోయారండీ?"

బుధు ఇల్లు ఇల్లూ చూపించి చెప్పాడు. "ఆ ఇంట్లో ముసిలోడు. ఆ మూల ఇంట్లో ఇద్దరు పిల్లలు. అదిగో ఆ ఇంట్లో కోడలు. ఈ ఇంట్లో నా ఆడది. ఈ గుంటకి అక్క," అని దేముడమ్మను చూపించాడు.

జగన్నాథరావు దేముడమ్మ వైపు తిరిగారు.

"మీరు ఉత్తరంలో రాయలేదు."

"రాసి తీసేశానండి."

"ఎందుకు?"

"ప్రోగ్రాం సరిచెయ్యడానికి అది అక్కర్లేదు కదండి."

ఆయన ఆకు కింద పెట్టారు. "ఆ చదివే లైను రాసింది నేనే. ఎనభై ఎనిమిదిలో."

"తెలుసండి. పైన మీ పేరుంది."

ఆమె తిడుతుందనో, పోనీలెండి అంటుందనో ఆయన ఎదురుచూసినట్టుంది. ఆమె దగ్గర ఆ రెండూ లేవు. చీకటి పడకముందే గెడ్డ దాటాలండి అని మాత్రం చెప్పింది. ఆయన చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు బుధు అడిగాడు.

"ఆ బాబేటి అలాగ కూకుండిపోనాడు?"

ఆమె చెప్పింది. భీముడు రాలేకపోయిన వారాల్లో కాగితం ఖాళీగా ఉందని, తాను ఖాళీగానే ఎక్కించిందని, మిషను దాన్ని జ్వరాలు లేవని అనుకుందని, అందుకే ఎవరినీ ఇటు పంపలేదని. దాయకుండా, ఒకదాని తర్వాత ఒకటి, అర్థమయ్యేలా చెప్పింది.

బుధు తల అడ్డంగా ఊపాడు. "జీపొచ్చినా గెడ్డ దాటదు కదే."

"మనుసులు దాటేవోళ్ళు బావా. తాడు కట్టుకుని, బిళ్ళలు నెత్తిమీద ఎట్టుకుని దాటేవోళ్ళు. ఎల్లమంటే ఎల్లేవోళ్ళు."

బుధు లేచి నిలబడ్డాడు. అతని గొంతు పెరగలేదు. "నాకు సెప్పకుండా ఉంటే బాగున్ను," అన్నాడు. గెడ్డే కారణమని నాలుగు నెలలుగా అతను నమ్ముకున్నాడు. ఆ రోజు వాళ్ళను ఊరి చివరిదాకా కూడా సాగనంపలేదు. ఆ తర్వాత రెండేళ్ళపాటు పాడేరు రాలేదు. కూతురిని చూడాలనిపిస్తే సంతకు తీసుకురమ్మని భీముడితో కబురు పంపేవాడు. దేముడమ్మ సంతలో పిల్లను అతనికి అప్పజెప్పి, దూరంగా కొట్టు పంచన నిలబడేది.

జగన్నాథరావు పాడేరులో ఇంకో రెండు రోజులున్నారు. ఇద్దరూ ఒకే కంప్యూటర్ ముందు రెండు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఖాళీ గడి వస్తే చుట్టుపక్కల పల్లెల అంకెలు చూసి ప్రోగ్రామే అంచనా వేసుకునేలా మార్చాలని ఆయన ఉద్దేశం. దానికి ఒక సూత్రం కూడా కాగితం మీద రాసి చూపించారు.

"అంచనా వద్దండి," అంది దేముడమ్మ.

"ఎందుకమ్మా? చాలావరకు సరిగ్గానే వస్తుంది."

"తెలియకపోతే తెలియలేదని చెప్పనివ్వండి. ఏ ఏ ఊళ్ళ సంగతి తెలియలేదో ముందు ఆ పేర్లు రాసి, అక్కడితో ఆగిపోవాలి."

"ఆగిపోతే ఆ వారం అంకెలే రావు. అందరూ తిడతారు."

"తిట్టనివ్వండి. ఎవరినైనా పంపి తెలుసుకున్నాక మళ్ళీ నడుపుకుంటారు. లేదా మైనస్ తొమ్మిది చేత్తో వేస్తారు. చేత్తో వేస్తే ఆ ఊరు ఒకసారైనా కళ్ళబడుతుంది కదండి."

ఆయన తాను రాసిన సూత్రం ఇంకోసారి చూసుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆమె చెప్పినట్టే రాశారు. ఆగినప్పుడు తెర మీద రావలసిన మాటలు మాత్రం ఆమెనే రాయమన్నారు. ఆమె రాసింది: ఈ కింది ఊళ్ళకు ఎవరూ వెళ్ళలేదు.

2000 ఫిబ్రవరిలో కొత్త ప్రోగ్రాం అందరికీ చేరింది. తిట్లు వచ్చాయి. బస్తర్ నుంచి ఒకాయన పాతదే నయం, అది ఎప్పుడూ ఆగేది కాదు అని రాశాడు. జగన్నాథరావు జవాబుగా యాభై మూడో పేజీ, దాని వెనక మిగతా పుస్తకం మొత్తం అన్ని కేంద్రాలకూ పోస్టులో పంపారు.

ఆ ఏడాది వానల్లో ఒక మంగళవారం ప్రోగ్రాం ఆగి తొమ్మిది ఊళ్ళ పేర్లు రాసింది. లక్ష్మీప్రసాద్ ఆ కాగితం పట్టుకుని, దాన్ని మూడుసార్లు చదివి, తనే స్కూటరు మీద వెళ్ళి మందు జట్ల ఆఫీసులో బల్ల మీద పెట్టి, మనుషులను పంపేదాకా లేవనని కూర్చున్నాడు. ఆయన అలా కూర్చుంటాడని ఎవరూ అనుకోలేదు, ఆయనతో సహా. భీముడూ ఇంకో ఇద్దరూ తాడు కట్టుకుని గెడ్డ దాటారు. ఒక పల్లెలో ఇరవై ముగ్గురు జ్వరంతో పడి ఉన్నారు. బిళ్ళలు మింగించారు. స్పృహ లేని ఇద్దరిని డోలీలో మోసుకొచ్చి పాడేరు ఆసుపత్రిలో వేశారు. ఇరవై ముగ్గురూ బతికారు.

భీముడు చెక్కపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. అతని మోచేతులు తాడు ఒరుసుకుని చెక్కుకుపోయాయి.

"అందరూ లేసి తిరుగుతున్నారే సెల్లీ. ఒక్కులూ పోనేదు."

"మంచిది అన్నా. కాగితం ఇటివ్వు."

అతను ఇంకా ఏదో ఆశపడి కాసేపు ఆగి, వెళ్ళిపోయాడు. ఆమె ఇరవై మూడు అన్న అంకె ఎక్కించింది. సంతోషించవలసిన విషయమని ఆమెకు తెలుసు. పక్కింటివాళ్ళ ఇంట్లో పెళ్ళి జరుగుతోందని తెలిసినట్టు తెలుసు. మళ్ళీ మంగళవారం వచ్చింది, మళ్ళీ ఎక్కించింది. ఆరేళ్ళు అలాగే ఎక్కించింది. ఒక్క వారం కూడా సెలవు పెట్టలేదు. ఆ ఆరేళ్ళలో ఆ ప్రోగ్రాం నకళ్ళు ఇంకా చాలాచోట్లకు వెళ్ళాయి. మొదటి పేజీలో దాన్ని సరిచేసినవాళ్ళ పేర్లలో ఆమె పేరు కూడా జగన్నాథరావు చేర్చారు. ఆమె చూసి, అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, ఫైలు మూసింది.

బుధు 2002లో ఒక సోమవారం చెప్పాపెట్టకుండా పాడేరు వచ్చాడు. గోనెసంచిలో పసుపు కొమ్ములు తెచ్చాడు. అన్నం తిన్నాడు, చిట్టి పుస్తకాలు తిరగేసి బొమ్మలు చూశాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "ఈ ఏడు మన వోళ్ళు గెడ్డ మీద దుంగలేసినారు," అన్నాడు. ఆ పాత సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. తర్వాత నెలకోసారి వచ్చేవాడు.

2006లో పరిశోధన గడువు తీరి కేంద్రం మూసేశారు. హైదరాబాద్‌లో ఆ పెద్ద కంప్యూటర్‌ను అప్పటికే తీసేశారు. ప్రోగ్రాం ఇంటర్నెట్‌లోకి చేరింది, ఎవరి దగ్గరైనా నడిచేటంత తేలికైంది. లక్ష్మీప్రసాద్ బదిలీ అయి వెళ్తూ గిరిజన సంక్షేమ ఆఫీసులో ఒకరికి చెప్పి ఆమెకు అక్కడ ఆపరేటరు పని ఇప్పించాడు. ఇప్పుడు ఆమె ఎక్కించేవి హాస్టళ్ళలో పిల్లల హాజరు లెక్కలు.

ఆ ఏడాదే ఒక ఆదివారం పొద్దున దేముడమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతోంది. చిట్టికి పదమూడేళ్ళు. నూతి గట్టు మీద కూర్చుని జడ తనే వేసుకుంటోంది.

"పిన్నీ, మా అమ్మ ఎలాగుండేది?"

ఏడేళ్ళలో ఆ పిల్ల ఆ మాట అడగడం అదే మొదలు. దేముడమ్మ చేతిలోని బట్ట నీళ్ళలో వదిలేసింది. ఏం చెప్పాలో వెతికింది. మంచిదని చెప్పవచ్చు, కష్టపడిందని చెప్పవచ్చు. అవేవీ నోటికి రాలేదు.

"మీ అమ్మకి సైకిలంటే భయం," అంది.

"సైకిలా?"

"ఆఁ. ఎలుగుబంటి ఎదురొస్తే కర్రెత్తుకుని నిలబడ్డ మనిషే. గూడెంలో సైకిలు బెల్లు వినబడితే మాత్రం వెళ్ళి కాఫీ చెట్ల వెనక నిలబడేది. రెండు చక్రాల మీద మనిషి పడిపోకుండా ఎలాగుంటాడు, అందులో ఏదో ఉంది అనేది. ఒకసారి మీ నాన్న పెళ్ళికి ముందు సైకిలు అద్దెకి తెచ్చుకుని మా ఊరి దగ్గరదాకా వచ్చాడు, మీ అమ్మకి చూపించాలని."

"నాన్నకి సైకిలొచ్చా?"

"రాదు. తోసుకుంటూ వచ్చాడు."

చిట్టి పకపకా నవ్వింది. జడ సగంలో చేతిలోంచి జారిపోయింది. దేముడమ్మ నవ్వలేదు. కానీ ఆపలేదు. బుధు ఆ సైకిలును ఏం చేశాడో, రత్నాలు ఏమందో, ఆ తర్వాత వారం సంతలో ఏం జరిగిందో చెబుతూ పోయింది. బకెట్‌లో బట్టలు నానుతూనే ఉన్నాయి. ఎండ గోడ దాటి వాళ్ళ కాళ్ళ దాకా వచ్చింది. చిట్టి అడుగుతూ ఉంది, ఆమె చెబుతూ ఉంది.